హీటరు పెట్టె దగ్గర ఆగు

డిడ్‌కాట్,
నవంబరు 9.

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మోకాలి ఆపరేషనై ఆరు వారాలైంది. మెట్లు ఎక్కనిస్తోంది గానీ కారు కింద దూరనివ్వట్లేదు మీ అత్తయ్య. లేకపోతే ఈ ఉత్తరానికి బదులు నేనే అబర్డీను రైలెక్కేవాణ్ణి.

నిన్న ఫోన్లో "స్క్రూలన్నీ తీసేశాను మామయ్యా, అయినా హీటరు పెట్టె కదలట్లేదు, ఈసారి స్వాతీ నేనూ చెరో పక్కా పట్టుకుని లాగేస్తాం" అన్నావు. లాగొద్దని మాత్రం చెప్పి పెట్టేశాను. ఎందుకు లాగకూడదో చెప్పడానికి ఫోను చాలదు. పైగా ఫోన్లో చెప్పింది నువ్వు సగమే వింటావు, చిన్నప్పట్నుంచీ అంతే. కాగితమైతే గ్యారేజీ గోడకి అంటించుకుంటావు.

నా సంగతి నీకు తెలుసుగా, బెజవాడ ఆటోనగర్లో అంబాసిడర్ల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడికొచ్చాక మొదటిసారి నీ బండి లాంటి ఎంజీబీ బానెట్టు ఎత్తి చూస్తే మేనత్త కొడుకు ఎదురుపడ్డట్టయింది. మన అంబాసిడర్ పెట్రోలు ఇంజను 1,489 సీసీ, దీనిది 1,798 సీసీ. రెండూ బీ-సిరీస్ అనే ఒకే వంశం. వాల్వుల సందు సరిచేయడం, డిస్ట్రిబ్యూటరు తిప్పి టైమింగు పట్టడం అన్నీ చేతికి వచ్చినవే. హీటరొక్కటే నాకు కొత్త. మే నెలలో బెజవాడ వన్‌టౌన్లో అద్దాలెక్కించుకుని కూర్చుంటే చాలు, వేరే హీటరెందుకు? ఈ దేశంలో తొలి చలికాలం, ముందద్దం లోపలివైపు ఆవిరి కమ్మేసి, ఒక చేత్తో స్టీరింగూ ఒక చేత్తో గుడ్డా పట్టుకుని బండి నడిపినప్పుడు తెలిసొచ్చింది, హీటరు కాళ్లకంటే ముందు కళ్లకి కావాలని. నువ్వుండే అబర్డీనులో ఇంకా నయమా!

ఎంజీబీ 1962లో మొదలైంది, నీ జీటీ లాంటివి 1965 నుంచి. అబింగ్డన్ మాకు పావుగంట దూరం. అక్కడి ఫ్యాక్టరీ 1980 అక్టోబరులో మూతపడేదాకా ఈ బండ్లు అక్కడే తయారయ్యేవి. మొదట్లో హీటరు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. ఎంజీ వాళ్లు చెప్పుకునే పాత జోకొకటుంది: ఫ్యాక్టరీలో ముందుగా హీటరు పెట్టెని తాడుకి వేలాడదీసి, తర్వాత దాని చుట్టూ కారు కట్టేవాళ్లట. నవ్వి ఊరుకోకు. నీ పని సగం ఈ జోకులోనే ఉంది. అన్నిటికంటే ముందు కూర్చున్నది అన్నిటికంటే ఆఖర్న లేవాలి. నువ్వు ఎలాగూ ఇంజను దించబోతున్నావు, డాష్‌బోర్డు విప్పబోతున్నావు. మరి వాటికంటే ముందు దీని జుట్టెందుకు పట్టుకున్నావురా? ఇంజను లేచిపోతే నువ్వు ఆ ఖాళీలో నిలబడి, నడుం వంచకుండా, రెండు చేతులూ పెట్టి పనిచేసుకోవచ్చు. డాష్‌బోర్డు పోతే లోపలివైపు కంటికి కనబడుతుంది. హీటరు తీయడం తేలిక చేసుకోవడానికి నాకు తెలిసిన అన్ని చిట్కాల్లోకీ పెద్దది ఇదే, పైసా ఖర్చు లేనిదీ ఇదే. బండి తిరుగుతూండగా తీయాల్సొచ్చినవాడికి ఈ సుఖం లేదు, వాడు ఇంజను మీద బోర్లా పడుకోవాల్సిందే. ఇంకోమాట, హీటరు మోటారొక్కటే చెడితే పెట్టె జోలికి పోనక్కర్లేదు, ముందువైపున్న మూడు స్క్రూలు తీస్తే ఫ్యానుతో సహా మోటారు బయటికొస్తుంది. నీది ఆ బాపతు కాదు, పెట్టె అడుగున తుప్పు నీళ్లు కారుతున్నాయన్నావు కాబట్టి తీయక తప్పదు.

అది ఎక్కడ కూర్చుందో ఒకసారి మనసులో బొమ్మ గీసుకో. ఇంజనుకీ మనకీ అడ్డంగా ఉన్న రేకు గోడకి పైన అరుగు లాంటిది ఉంది కదా, ఆ అరుగులో ఒక పెద్ద కంత. పెట్టె పైనుంచి ఆ కంతలోకి దిగి, అంచులు ఆనించి కూర్చుంటుంది. మోటారు ఇంజనువైపు, అడుగు భాగం కారు లోపల డాష్‌బోర్డు వెనక. వీధరుగు మీద కూర్చుని కాళ్లు ఇంట్లోకి చాపుకున్న తాతయ్యలాగా అన్నమాట. నువ్వు ఇప్పటిదాకా వీధివైపు నుంచి భుజాలు పట్టుకుని లేపుతున్నావు. ఇంట్లోవైపు కాళ్లని పట్టుకున్నవాళ్లు ఇంకా వదల్లేదు.

ఆ పట్టుకున్నవాళ్లెవరో చూడు. కాళ్ల దగ్గరికి గాలి వదిలే రెండు చిన్న తలుపులు, గేరుబాక్సు గూడుకి అటూ ఇటూ. ముందద్దం మీదికి గాలి పంపే రెండు గొట్టాలు. లోపలి గాలి తలుపుని తిప్పే కేబులు. వీటన్నిటికంటే మొండిది, పెట్టెకీ రేకుకీ మధ్య యాభై ఏళ్ల నాడు వేసిన స్పాంజి, ఇప్పుడది తారులా అతుక్కుపోయి ఉంటుంది. వీటిలో ఒక్కటి వదలకపోయినా పెట్టె రాదు. బలం పెడితే మాత్రం ఏదో ఒకటి చిరుగుతుంది, అదీ ఖరీదైనదే చిరుగుతుంది.

నా అనుభవం చెబుతాను విను. నా బండికి మొదటిసారి దిగినప్పుడు హోసు పైపులు రాలేదు. ఇంజను నుంచి వేడినీళ్లు తెచ్చేదీ తీసుకుపోయేదీ, రెండు రబ్బరు పైపులు పెట్టెలోంచి పొడుచుకొచ్చిన రెండు లోహపు గొట్టాలకి తొడిగి ఉంటాయి. క్లిప్పు వదులు చేశాను, పైపు పట్టకారుతో పట్టి మెలితిప్పాను. ఆటోనగర్ చెయ్యి కదా, ఊరుకుంటుందా! రబ్బరు తిరిగిందనుకుని సంబరపడ్డాను. తిరిగింది రబ్బరు కాదు, లోపలి గొట్టం. అది హీటరు లోపలి చిన్న రేడియేటరుకి టంకంతో అతికి ఉంటుంది, ఆ అతుకు సన్నగా పగిలింది. పెట్టె బయటికి తీసేదాకా నాకా సంగతే తెలియదు. కొత్త హోసు ముక్కల ఖరీదెంత, ఆ రేడియేటరు ఖరీదెంత! నువ్వు మాత్రం హోసుని లాగనూవద్దు తిప్పనూవద్దు. గొట్టం మీద కూర్చున్న మేర, పొడవునా బ్లేడుతో గీటు పెట్టు, లోహం తగిలేదాకా కోయకు, ముప్పావు వంతు తెగితే చాలు. తర్వాత బొటనవేళ్లతో అరటిపండు తొక్క వలిచినట్టు వలిచెయ్. పాత హోసుని కాపాడి ఏం చేసుకుంటావు, కొత్తది ఎలాగూ వేయాలి.

దానికంటే ముందు నీళ్లు. ఇంజను పూర్తిగా చల్లారాకే రేడియేటరు మూత తీయి. రేడియేటరుకి ట్యాపు లేకపోతే కింది హోసు ఊడదీసి వదిలెయ్. అంతా కారిపోయిందనుకుంటావు గానీ హీటరు లోపలి చిన్న రేడియేటరులో కొన్ని నీళ్లు నిలిచే ఉంటాయి. పెట్టెని వంచగానే అవి కారు లోపలి తివాచీ మీదే ఒలుకుతాయి, సరిగ్గా నువ్వు కొత్తది పరిచిన మర్నాడు. ఒక గొట్టానికి బారెడు పైపు తగిలించి డబ్బాలో పెట్టు, రెండో గొట్టంలోకి బెలూన్లు ఊదే చేతి పంపుతో మెల్లగా గాలి కొట్టు. బుడబుడమని మిగిలింది వచ్చేస్తుంది. నోటితో మాత్రం ఊదకు. ఆ పచ్చ నీళ్లు తియ్యగా ఉండే విషం, గ్లైకాల్. నీ కుక్కపిల్ల గ్యారేజీలోనే తిరుగుతుందన్నావు, ఒక్క గుటక తాగినా దాని మూత్రపిండాలు పోతాయి. డబ్బాకి మూత పెట్టు, నేల మీద పడింది వెంటనే కడుగు. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకు.

బ్యాటరీ తీగలు ముందే తీశావని అనుకుంటున్నాను. నీది 1971 బండి కాబట్టి సీట్ల వెనక ఆరు వోల్టులవి రెండుంటాయి, పాత యజమాని మార్చి ఒక్కటే పెట్టి ఉంటే తప్ప.

స్క్రూల సంగతి. అన్నీ తీశానన్నావు గానీ నీ ఫోటోలో ఒకదాని తల అరిగి గుండ్రంగా అయిపోవడం చూశాను. మనం స్టారు స్క్రూడ్రైవరనేది ఒకటే జాతి కాదు. ఆ కాలపు బ్రిటిషు బండ్లలో చాలావరకు పోజీడ్రైవ్ స్క్రూలుంటాయి. పెద్ద ప్లస్సు గుర్తు మధ్యన సన్నగా ఇంకో ఇంటూ గుర్తు గీసి ఉంటుంది చూడు. మామూలు ఫిలిప్స్ దానితో తిప్పితే జారి తలని కొరికేస్తుంది. రెండు సాయంత్రాల ముందే తుప్పు వదిలే నూనె రెండేసి చుక్కలు వేసి వదిలెయ్. స్క్రూడ్రైవరు పెట్టి పైన సుత్తితో ఒక్క దెబ్బ, గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ముందు వెంట్రుకవాసి బిగించి తర్వాత వదులు చెయ్. మా మేస్త్రీ ఆటోనగర్లో నేర్పిన చిట్కా ఇది, ఏ దేశపు తుప్పయినా దీనికి లొంగుతుంది. తీసిన స్క్రూలు పెట్టడానికి మీ అత్తయ్య పాత ఇడ్లీ ప్లేటు పంపిస్తున్నాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వేసి, పక్కన టేపు ముక్క మీద పేరు రాసుకో. నేను ఇరవై ఏళ్లుగా ఇదే వాడుతున్నాను. ఎక్కడివో తెలియక మిగిలిపోయిన స్క్రూలు నా దగ్గర లేవు.

ఇక లోపలికి రా. రేడియో ఉండే కన్సోలు తీసెయ్యి. కాళ్ల దగ్గర రెండు గాలి తలుపులూ ఊడదీయి. అద్దం గొట్టాల్ని చేత్తో పట్టి అటూ ఇటూ ఆడిస్తూ వెనక్కి లాక్కో, గట్టిపడి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపించు, మెత్తబడతాయి. కేబులు దగ్గర మాత్రం కూర్చో. నీ సీటు మీద కాదు, నేల మీద, తల డాష్‌బోర్డు ఉండే చోటి కింద, కాళ్లు వెనక సీటు మీద. మర్యాదైన భంగిమ కాదులే, తలుపు వేసుకో. గాలి తలుపు చేతికి చిన్న బిరడాలాంటి ముక్క, దానిలోంచి కేబులు తీగ, దాన్ని పట్టుకుని ఆవగింజకంటే కాస్త పెద్ద స్క్రూ. వదులు చేసే ముందు తీగ ఎంత దూరం దూరి ఉందో అక్కడ స్వాతి గోళ్లరంగు ఒక చుక్క వెయ్యి. తీగ కొస వంకర తిరిగి ఉంటే పట్టకారుతో తిన్నగా నొక్కు, లేకపోతే అదే గాలంలా పట్టుకుంటుంది. చిన్న స్క్రూ కింద పడితే అయస్కాంతంతో వెతకొద్దు, ఇత్తడిదైతే రాదు. ముందే కింద తెల్ల తువ్వాలు పరుచుకుని ఉంటావు కదూ.

ఇవన్నీ వదిలాక మిగిలేది స్పాంజి. పెట్టె అంచు కిందికి పుట్టీ రాసే పలచటి రేకు దూర్చి చుట్టూ తిప్పు, ముంజికాయలోంచి ముంజె తీస్తామే, ఆ ఓపికతో. ఎక్కడా కింది నుంచి మీటకు, ముఖ్యంగా ఆ గొట్టాలు ఆసరా చేసుకుని. ఇప్పుడు స్వాతిని పిలువు. లాగడానికి కాదు. ఆవిడ లోపల కూర్చుని పెట్టె అడుగున అరచేతులు ఆనించి పైకి ఒత్తాలి, నువ్వు పైనుంచి ముందుకీ వెనక్కీ ఊపుతూ అందుకోవాలి. ఎక్కడో ఆగితే ఇద్దరూ ఆగండి. టార్చి వేసి చూడండి. ఏదో ఒక తీగో గొట్టం మూతో తప్పకుండా ఉంటుంది. నా రెండో బండికి మోటారు తీగ ఒకటి విప్పడం మర్చిపోయి గంటసేపు స్పాంజిని తిట్టాను.

బయటికి వచ్చాక ఆ కంతలోకి తొంగి చూడు. ముందద్దం కింద జల్లెడలాంటి మూత ఉంటుంది కదా, గాలి లోపలికి వచ్చేది. వాననీళ్లూ అక్కడినుంచే దిగుతాయి. వాటిని కిందికి పంపడానికి అడుగున ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, గేరుబాక్సు గూడు పక్కకి పోతుంది. ఆకులు కుళ్లి, బురదై, అది మూసుకుపోతే జల్లెడ కింది గదిలో నీళ్లు చెరువు కడతాయి. పెట్టె అడుగు అందులో నానుతుంది, మిగతావి నీ కాళ్ల దగ్గరికి కారతాయి. నీ తుప్పునీళ్ల మూలం నూటికి తొంభై పాళ్లు ఇదే. నా బండిలో ఒక ఎలుక గూడు కూడా దొరికింది, స్పాంజిని నమిలి మెత్తగా పరుపు చేసుకుంది పాపం. నువ్వు దుమ్ము తీసేటప్పుడు మూతికి మాస్కు కట్టుకో. గొట్టం శుభ్రం చేసి చెంబుడు నీళ్లు పోసి చూడు, గడగడ దిగాలి. తుప్పు గీకి రంగు వేసేది ఇప్పుడే. మళ్లీ ఈ గోడ ఎప్పుడు కనబడుతుందో ఎవరికి తెలుసు.

పెట్టె ముందు రేకుకి స్ప్రింగు క్లిప్పులుంటాయి, అవి తీస్తే లోపలి రేడియేటరు వస్తుంది. దాన్ని ఒక పక్కనుంచీ రెండో పక్కనుంచీ కుళాయితో కడుగు. ఒక గొట్టం బిరడాతో మూసి, బకెట్టు నీళ్లలో ముంచి, మెల్లగా గాలి కొట్టు. బుడగ వచ్చిన చోట కన్నం. మోటారుని బల్ల మీదే బ్యాటరీకి తగిలించి ఎటు తిరుగుతోందో చూసుకో. పాత స్పాంజి ఎలాగూ పోతుంది, కొత్తది ఎంత మందం కావాలో పాత ముక్క నలగని చోట కొలుచుకో. నాకు ఒక దుకాణంవాడు రెట్టింపు మందం అమ్మాడు, పెట్టె కూర్చోలేదు, స్క్రూలు అందలేదు, కారణం తెలియడానికి ఒక శనివారం పట్టింది.

ఇప్పుడు తిరిగి పెట్టడం. నిజం చెప్పాలంటే తీయడంకంటే ఇదే కష్టం. కానీ నీ తర్వాతి తీత ఎంత తేలికవుతుందో నిర్ణయమయ్యేదీ ఇక్కడే. పదేళ్ల తర్వాత మళ్లీ తీస్తావు, లేదా ఈ బండి కొనుక్కున్నవాడు తీస్తాడు, వాడు నిన్ను తిట్టకూడదు. స్పాంజికి జిగురు పెట్టెవైపే రాయి, రేకువైపు రాయకు. రేకుకి తగిలే మొహం మీద పాండ్స్ పౌడరు చల్లు. దించేటప్పుడు జారుతుంది, రేపు తీసేటప్పుడు అంటుకోదు. నీళ్లు పీల్చని రకం ఫోము తీసుకో. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి, మరకి రాగి గ్రీజు గోటితో రాసి. కొత్త కేబులు వేసి, పెట్టె దించకముందే గాలి తలుపుకి తగిలించు. నేను మొదటిసారి పెట్టె దించేసి తర్వాత తగిలిద్దాంలే అనుకున్నాను. అక్కడ చెయ్యి దూరదు. దూరితే కన్ను దూరదు. చివరికి మళ్లీ తీశాను. దించే ముందు బల్ల మీదే నాబ్ తిప్పి తలుపు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటోందో చూడు. హోసు గొట్టాలకి సబ్బునీళ్లు రాస్తే తొడగడం తేలిక. క్లిప్పు స్క్రూ తల పైకి కనబడేలా తిప్పి బిగించు. ఎక్కడ చెయ్యి పడుతుందో ముందే ఊహించి తిప్పడం, అంతే, కానీ ఈ ఒక్కటీ నూటికి తొంభైమంది చేయరు.

నీళ్లు నింపేటప్పుడు హీటరు వాల్వు తెరిచి ఉంచు, బండి మూతి ఎత్తు మీద ఉండేలా వాలులో నిలుపు. ఇంజను వేడెక్కాక రెండు హోసులూ ముట్టుకో, రెండూ వేడిగా ఉంటే గాలి ఇరుక్కోలేదన్నమాట. ఒకటి చల్లగా ఉంటే ఆగి మళ్లీ నింపు.

పార్సెలు మంగళవారానికి చేరుతుంది. ఇడ్లీ ప్లేటు, నా పోజీడ్రైవ్ స్క్రూడ్రైవరు రెండు సైజులవి, గోంగూర సీసా. స్క్రూడ్రైవర్లు తిరిగి పంపాలి, ప్లేటు ఉంచుకో. మీ అమ్మకి ఫోను చేశావా? వారం నుంచి నీ కబురు లేదని నన్నడుగుతోంది. కారుతో మాట్లాడుతున్నాడని చెప్పాను.

స్వాతికి మా ఇద్దరి ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. థర్మోస్టాట్ ఎలాగూ చేతికొస్తుంది కాబట్టి తీసి దాని మీద అంకె చూడు. ఈ ఇంజనుకి 74, 82, 88 డిగ్రీలవి దొరుకుతాయి. 74 ఉంటే చలికాలానికి పనికిరాదు, పెట్టె ఎంత కొత్తగా ఉన్నా గోరువెచ్చటి గాలే వస్తుంది. అబర్డీనుకి 88 వెయ్యి. దాని గ్యాస్కెట్టు కొనడం మర్చిపోకు, నేను మర్చిపోయాను.